పాత ట్యాబులో పాతబడినదేది?

2022 డిసెంబరు 21న బాపట్ల జిల్లా యడ్లపల్లి ఉన్నత పాఠశాలలో, ఎనిమిదవ తరగతి పిల్లలకు ట్యాబుల పంపిణీని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ఆరంభించినది. ఉపాధ్యాయులకిచ్చిన 59,176తో కలిపి మొత్తము 5,18,740 ట్యాబులు. నాటి పిల్లలు 2025లో పదవ తరగతి ముగించిరి. మూడేండ్ల హామీయు తీరినది. ఇట్టి ట్యాబు అన్న చేతినుండి తమ్ముని చేతికి వచ్చునప్పుడు, “ఇక ఇది పనికిరాదు” అను మాట కూడ వెంట వచ్చును. దుకాణములో చౌకగా కొన్న పాత ట్యాబు సంగతియు అంతే. ఈ తీర్పు తొందరపాటు.

నిజముగా ముదిమి వచ్చునది బ్యాటరీకి. అందులో లిథియం అయానులు ఒక ధ్రువమునుండి మరియొక ధ్రువమునకు పోవుచు వచ్చుచుండును. గ్రాఫైటు ధ్రువముపై ఏర్పడు పలుచని పొర క్రమముగా దళసరియై కొంత లిథియమును బంధించివేయును. చిక్కినది మరల పనికి రాదు. వేడిమి ఈ చర్యను త్వరపెట్టును. వేసవిలో 40 డిగ్రీలు దాటు చీరాలలో, దిండు క్రింద పెట్టి రాత్రంతయు చార్జి చేయుట బ్యాటరీని చేతులారా చెరచుటయే. అయినను 5,100 మిల్లీ ఆంపియర్-గంటల బ్యాటరీ నూటికి 80 పాళ్లకు దిగినపుడు 4,080 మిగిలియుండును. ఒక పూట చదువునకు అది చాలును. వీపు ఉబ్బినచో మాత్రము వాడుక ఆపి, బ్యాటరీని మార్పింపవలెను.

ప్రాసెసరు మొదటినాటి వేగముతోనే లెక్కలు చేయగలదు. దానిని నెమ్మదిగా కనిపింపజేయునవి క్రొత్త యాపుల పెరిగిన కోరికలు. భద్రతా సవరణలు ఆగిన ట్యాబులో బ్యాంకు పనులు చేయరాదు. పుస్తకము చదువుటకు అడ్డమేమి?

అసలు లోపము వాడుకలో నున్నది. ట్యాబు పాఠము చూచుటకే అని అందరును తలచిరి. కొలుచుటకు కూడ అని తలచినవారు అరుదు. లోలకము ఊగు వీడియోను పిల్లవాడు పదిమార్లు చూచినను ఆవర్తన కాలమును తానుగా కనుగొనినట్లు కాదు. అదే ట్యాబు కెమెరా సెకనుకు 30 చిత్రములు తీయగలదు. దారమునకు రాయి కట్టి ఊపి, వీడియో తీసి, ఒక్కొక్క చిత్రమును జరుపుచు లెక్కింపవచ్చును. ఒక ఊపుకన్న పది ఊపులు లెక్కించుట మేలు; ఒక చిత్రము అటునిటైనను పొరపాటు పదవవంతగును. మీటరు పొడవు లోలకమునకు పది ఊపులలో సుమారు 600 చిత్రములు వచ్చును. పొడవును పావు మీటరు చేసినచో 300 వచ్చును. పొడవు నాలుగవ వంతైనను కాలము సగమే ఏల తగ్గినదని తరగతిలో ఎవరో ఒకరు అడుగక మానరు.