మోసిన భుజాలు ఎవరివి? - ‘గే ఐకాన్’ చర్చలో మన్యం

2022 మార్చి 25న ‘ఆర్‌ఆర్‌ఆర్’ సినిమా విడుదలైంది. పదిరోజులకి, ఏప్రిల్ 4న, పాడేరు కేంద్రంగా అల్లూరి సీతారామరాజు జిల్లా ఏర్పడింది. అప్పటిదాకా విశాఖ జిల్లాలో ఉన్న జి.మాడుగుల మండలం ఆ రోజునుంచి రామరాజు పేరు కిందికి వచ్చింది. జూలై 4న భీమవరంలో ప్రధాని 30 అడుగుల కంచు విగ్రహం ఆవిష్కరించాడు. అదే జూలైలో, ఆస్కార్ అందుకున్న శబ్దనిపుణుడు రసూల్ పూకుట్టి ఈ సినిమాని ‘గే ప్రేమకథ’ అని ఒక్క ముక్కలో తేల్చేశాడు. ఒకే ఏడాదిలో ఒకే పేరు జిల్లా అయింది, విగ్రహం అయింది, స్వలింగ ప్రేమికుల ప్రతీక కూడా అయింది. మొదటి రెండూ గౌరవంగా చెల్లిపోయాయి. మూడోదే మనోళ్లకి మింగుడుపడలేదు.

పూకుట్టి ఆ మాట మెచ్చుకోలుగా అనలేదు. గొడవ ముదిరాక, బయట ఇప్పటికే అనుకుంటున్నదే తానూ అన్నానని సర్దుకున్నాడు. ‘బాహుబలి’ నిర్మాత శోభు యార్లగడ్డ ఒక్కడు సరైన ప్రశ్న అడిగాడు: ఇది గే ప్రేమకథ అని నేననుకోను, ఒకవేళ అయితే మాత్రం అందులో చెడేముంది అని. మిగతా తిట్లదండకమంతా ‘మా హీరోలని అంతమాట అంటావా’ అనే ధోరణిలోనే నడిచింది. అంటే తిట్టినవాడికీ, తిట్టించుకున్నవాళ్లకీ ఒక విషయంలో పేచీ లేదు. ‘గే’ అంటే తిట్టేనని ఇద్దరూ ఒప్పేసుకున్నారు.

అమెరికాలో మాత్రం స్వలింగ ప్రేమికులైన ప్రేక్షకులు ఈ సినిమాని సంబరంగా చూశారు. రామ్, భీంల స్నేహాన్ని వాళ్లు ప్రేమగానే చదువుకున్నారు. వాళ్లది తప్పు చదువు అని మేము అనుకోవడం లేదు. గే ఐకాన్ కావడానికి ఆ మనిషి గే అయి ఉండనక్కరలేదు. జూడీ గార్లాండ్ కాదు. అయినా 1969 జూన్ 22న ఆమె చనిపోతే ఒక తరం గే మగవాళ్లు సొంత మనిషి పోయినట్టు ఏడ్చారు. వారం తిరక్కుండానే న్యూయార్కు స్టోన్‌వాల్ బారులో పోలీసుల మీద తిరుగుబాటు జరిగింది. ఆమె పాటలో వాళ్లకి వినపడింది దెబ్బతిని, మళ్లీ లేచి, మళ్లీ పాడే గొంతు. ఇంకా వెనక్కి పోతే సెయింట్ సెబాస్టియన్ ఉన్నాడు. చెట్టుకో స్తంభానికో కట్టేసి ఒళ్లంతా బాణాలు దిగేసిన క్రైస్తవ అమరుడు. శతాబ్దాలపాటు చిత్రకారులు గీసిన ఆ నెత్తుటి దేహాన్ని చూసి, తమ ప్రేమకి పేరు లేని మగవాళ్లు ‘ఇది మా బాధే’ అనుకున్నారు. ఆస్కార్ వైల్డ్ జైలునుంచి బయటికొచ్చాక పెట్టుకున్న మారుపేరు సెబాస్టియన్‌తోనే మొదలవుతుంది.

కాబట్టి ఐకాన్‌ని తయారుచేసేది ఆ మనిషి పడకగది కాదు, చూసేవాళ్ల అవసరం. దాచుకుని బతికేవాళ్లకి దాచుకుని బతికే నాయకుడు దగ్గరవాడవుతాడు. ‘ఆర్‌ఆర్‌ఆర్’ అంతా దాపరికమే గదా! భీం అక్తర్ అనే పేరుతో తిరుగుతాడు. రామ్ పోలీసు యూనిఫాం కింద అసలు పనిని దాచుకుంటాడు. ఇద్దరూ ఒకరికొకరు ప్రాణం, కానీ ఒకరి నిజం ఒకరికి తెలియదు. తెలిసిన రోజు కొరడా లేస్తుంది. ఊళ్లో, హాస్టల్లో, ఆఫీసులో రెండు బతుకులు బతికేవాళ్లకి ఇంతకన్నా తెలిసిన కథ ఏముంటుంది?

రామరాజు పక్కన సీత ఎందుకుందో కూడా చూడాలి. గూడెం కొండల్లో తిరిగిన రామరాజు కాషాయం కట్టిన సన్యాసి. బ్రిటిష్ రికార్డుల్లో ఎక్కువగా కనిపించే పేరు శ్రీరామరాజు. సీత జనం కథల్లోంచి వచ్చింది, 1974లో కృష్ణ సినిమాతో స్థిరపడింది, 2022లో అలియా భట్ అయింది. పెళ్లిలేని వీరుడంటే మన సినిమాకి భయం. ఎదురుచూసే ఆడమనిషి ఒకతె ఎక్కడో ఉంటే చాలు, ఇద్దరు మగవాళ్లు ఎంతసేపు కౌగిలించుకున్నా ఎవరూ ఏమీ అనుకోరని ధైర్యం. పూకుట్టి ఆమె పాత్రని అలంకార వస్తువు అన్నాడు. ఆ మాట మాత్రం నిజమే.

ఇంతవరకు విదేశీ ప్రేక్షకుల చదువుతో మాకు పేచీ లేదు. వాళ్లకి కనపడనిది ఒకటుంది. ఈ ప్రేమలో ఎవరు ఎవర్ని మోస్తున్నారు?

జైల్లో కాళ్లు దెబ్బతిన్న రామ్‌ని భీం భుజాల మీద ఎక్కించుకుని పోరాడతాడు. గే ప్రేక్షకులు బాగా ఇష్టపడిన దృశ్యాల్లో అదొకటి. మాకు అందులో గోండు భుజాల మీద కూర్చున్న క్షత్రియుడు కనిపిస్తాడు. తర్వాత అడవిలో రాముడి గుడి దగ్గర రామ్‌కి విల్లూ కాషాయమూ దొరుకుతాయి. భీం ఇక హనుమంతుడే. చివర్లో నీకేం కావాలని రామ్ అడిగితే, చదువు కావాలంటాడు భీం. అప్పుడు రామ్ జెండా మీద ‘జల్ జంగల్ జమీన్’ అని రాసిస్తాడు. 1940లో జోడేఘాట్‌లో ప్రాణమిచ్చిన కొమరం భీంది ఆ నినాదం. ఆయన నోట్లోంచి దాన్ని తీసుకుని రాజుగారి చేత్తో రాయించి ఆయనకే దానమిచ్చారు. మొదటి తరం చదువుకున్నవాళ్లం గనక ఈ దృశ్యం మాకు ఎక్కువ తగిలింది. అక్షరం పైనుంచి ఇస్తేనే కిందికి వస్తుందని మాకు బళ్లో చెప్పిన పాఠమే ఇది.

కట్టేసిన దేహం సంగతి ఇంకా ఘోరం. 1924 మే 7న రామరాజుని పట్టుకుని, చెట్టుకి కట్టేసి కాల్చి చంపారు. సెబాస్టియన్ బొమ్మకి అంత దగ్గరి చావు మన చరిత్రలోనే ఉంది. సినిమా దాన్ని వదిలేసింది. అక్కడ కట్టేసిన దేహం భీంది, కొరడా పట్టిన చెయ్యి రామ్‌ది. అసలు చరిత్రలో వీళ్లిద్దరూ కలవనే లేదు, రామరాజు బ్రిటిష్ పోలీసు అయిందీ లేదు. కల్పన అని సినిమావాళ్లే చెప్పుకున్నారు, సరే. కల్పనకి హద్దు లేనప్పుడు కూడా వీపు ఆదివాసీదే, కొరడా అగ్రకులానిదే ఎందుకయింది? ఆ దెబ్బల్లో ప్రేమని చూసి కళ్లు తుడుచుకున్న ప్రేక్షకుడు ఈ ప్రశ్న దగ్గర ఆగడు. వాళ్లకి కులం అనే అక్షరమాల రాదు.

అలాగని మనవాళ్లలో కొందరనే ‘ఇదంతా పట్నపోళ్ల గోల, మనకెందుకు’ అనే మాటని మేము ఒప్పుకోం. 1871లో బ్రిటిష్‌వాళ్లు చేసిన నేరస్త జాతుల చట్టం మొదటి భాగం తెగల మీద, రెండో భాగం హిజ్రాల మీద. పుట్టుకతో దొంగలని కొందరిని, వేషంతో నేరస్తులని కొందరిని ఒకే చట్టం రిజిస్టరుకెక్కించింది. 1911 చట్టంతో అది మద్రాసు రాష్ట్రానికీ వచ్చి ఎరుకలవాళ్లని పట్టుకుంది. నిజాం ఏలుబడిలో హిజ్రాల మీద 1919లో పెట్టిన చట్టాన్ని తెలంగాణ హైకోర్టు 2023 జూలైలో గానీ కొట్టెయ్యలేదు. 1934లో బొంబాయి కోర్టులో ‘సమాజ్ స్వాస్థ్య’ పత్రిక నడిపిన ఆర్.డి.కర్వే తరఫున వాదించింది అంబేద్కర్. లైంగిక విషయాల మీద, స్వలింగ ప్రేమ మీద కూడా, పాఠకులడిగిన ప్రశ్నలకి జవాబివ్వడం అశ్లీలం కాదని ఆయన నిలబడ్డాడు. కేసు ఓడిపోయాడు. అంబేద్కర్ జయంతికి మనం వేసే వక్తల జాబితాలో ఈ కేసు గురించి మాట్లాడేవాళ్లు ఎందరు?

విగ్రహాల సంగతికొస్తే, రామరాజు వెంట నడిచిన గాం గంటందొర 1924లోనే పోలీసుల చేతిలో చనిపోయాడు. తమ్ముడు మల్లుదొర అండమాన్ జైలు చూసొచ్చి 1952లో పార్లమెంటుకి గెలిచాడు. వీళ్ల పేరు మీద జిల్లా లేదు. వీళ్ల మీద పాన్ ఇండియా సినిమా రాలేదు కాబట్టి వీళ్లని తప్పుగానైనా, ప్రేమగానైనా చదువుకునే అవకాశం ఎవరికీ రాలేదు. ఐకాన్ కావాలంటే ముందు తెర కావాలి, పోస్టరు కావాలి, అచ్చులో పేరు పడాలి. వాటి దగ్గరే కులం గేటు కాస్తోంది.

గేటు దాటినవాళ్లు లేకపోలేదు. పక్క ఒడిశాలో నేతపని కుటుంబంలో పుట్టిన పరుగుల రాణి ద్యుతీ చంద్ 2019లో తాను ఒక అమ్మాయిని ప్రేమిస్తున్నానని బాహాటంగా చెప్పింది. ముందు ఎదురు తిరిగింది సొంత ఇల్లే. 2022లో ప్రాచీ రాథోడ్, రూత్ జాన్ పాల్ ఉస్మానియా ఆసుపత్రిలో ట్రాన్స్ డాక్టర్లుగా ఉద్యోగంలో చేరారు. వీళ్లని ఎవరూ భుజాల మీద మోయలేదు, వీళ్లూ ఎవర్నీ మోయడం లేదు. చీటీ పట్టుకుని వచ్చిన రోగి ముందు కుర్చీలో కూర్చున్నారు, అంతే. రామ్, భీంల కన్నా వీళ్లు మాకు ఎక్కువ పనికొస్తారని మా అభిప్రాయం.

జి.మాడుగుల సంతకి దిగే కుర్రాడి ఫోన్లో ‘నాటు నాటు’ ఉంటుంది. ఆ ఇద్దరు మగవాళ్ల కాళ్లు ఒక్క తాళానికి కదులుతుంటే వాడి మనసు ఎటు పోతుందో వాడికే తెలుసు. ఎటు పోయినా వాడు సిగ్గుపడాల్సిన పని లేదు. అయితే ఆ మాట వాడికి వాడి భాషలో చెప్పే పత్రిక ఒక్కటైనా పాడేరు బస్సెక్కి పైకి వెళ్లిందా? మన పత్రికతో సహా?