పుష్యమాసపు వెలుతురు

పుష్యమాసంలో పెళ్లిళ్లుండవు. విజయనగరంలో మా వీధి ఫొటోగ్రాఫరు ఓ వారం స్టూడియోకి తాళం వేసి, బండెక్కి బొమ్మల వేటకి బయల్దేరతాడు.

ఈసారి సోమవారం తెల్లారకముందే గంటస్తంభం దగ్గర, మంచులో టీకొట్టు పొగ. మర్నాడు కోట గోడ చుట్టూ తిరిగి ఒక్కటీ తీయకుండా వచ్చేశాడు. వెలుతురు కుదరలేదట. ఆ పట్టింపే నాకు మహా ఇష్టం.

పొందూరుకి నేనూ వెంట వెళ్లాను. ఒకావిడ వాలుగ చేప దవడతో పత్తి దువ్వుతోంది. గింజని అంటిపెట్టుకున్న పీచు ఆ సన్నని పళ్ల మధ్య తిన్నగా సాగుతోంది. "ఏటి బావూ, దీనికీ పొటోయేనా?" అంది. అతను నవ్వి నేలమీద చతికిలబడ్డాడు. గంటసేపు కెమెరా ముట్టలేదు. ఆవిడ మమ్మల్ని మరిచిపోయి పనిలో పడ్డాక, తలుపు సందులోంచి ఎండ ఆ వేళ్లమీద వాలాక, అప్పుడు ఒక్కటంటే ఒక్కటి తీశాడు. పీచు చివర వెంట్రుకంత మెరుపు!

తర్వాత టెక్కలి దగ్గర తేలినీలాపురం. చెట్లమీద గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు. అందరూ పక్షుల్నే తీస్తారు. ఇతను మాత్రం, అవొస్తే ఊరికి మంచిదని నమ్మే మనుషుల్ని, ఆ చెట్ల కిందే తీశాడు.

ఆదివారం ప్రింట్లు వేశాడు. పొందూరు ఆవిడ ఫొటో పోస్టులో పంపడట. తనే పట్టుకెళ్లి చేతికిస్తాడట.