మెప్పు సముద్రానికి, మాట మనిషికి

విశాఖపట్నం నుంచి భీమునిపట్నం వరకు సముద్రాన్ని ఒరుసుకుంటూ సాగే రోడ్డు పక్కన ఉన్న హోటళ్ళలో, రిసార్టుల్లో, వాటి రెస్టారెంట్లలో దేని గురించి విచారించినా ప్రయాణికుల అభిప్రాయాలు ఒక్క తీరుగా ఉండవు. ఒకే హోటల్లో, ఒకే వారంలో, పక్కపక్క గదుల్లో దిగిన రెండు కుటుంబాల్లో ఒకటి ఇంతకన్నా మంచి విడిది లేదని చెబితే, రెండోది మళ్ళీ ఆ గడప తొక్కేది లేదని చెబుతుంది. దీన్ని లోకో భిన్నరుచి అని వదిలేయవచ్చు గాని, ఆ మెప్పులనూ ఫిర్యాదులనూ ఓపికగా పక్కపక్కన పెట్టి చూస్తే వాటి వెనుక ఒక పద్ధతి కనిపిస్తుంది. మెచ్చుకునే వాక్యాల్లో కర్త దాదాపుగా సముద్రమే: కిటికీ తెరిస్తే సముద్రం, భోజనం బల్ల దగ్గర సముద్రపు గాలి, తెల్లవారుజామున నీటి మీద సూర్యోదయం. తప్పుపట్టే వాక్యాల్లో కర్త దాదాపుగా మనిషే: దుప్పటి ఆరబెట్టనివాడు, తలుపు బాగుచేయించనివాడు, చేప సరిగా వండనివాడు, అడిగింది ఆలస్యంగా తెచ్చినవాడు. సముద్రాన్ని హోటల్ వారు సృష్టించలేదు కనుక ఆ మెప్పు వారిది కాదనే వాదనలో నిజం ఉంది. అయితే చాలా ఫిర్యాదుల వెనుక ఉన్నది కూడా ఆ సముద్రమేననీ, సముద్రానికి దక్కుతున్న మెప్పులో గణనీయమైన వాటా కంటికి కనిపించకుండా పనిచేసే మనుషులదేననీ గుర్తించనిదే ఈ అభిప్రాయాలను సరిగా చదవడం గాని, సరిగా రాయడం గాని సాధ్యం కాదు.

ముందుగా చెమ్మ దుప్పటి సంగతి. తీరప్రాంతపు విడిదుల మీద తరచుగా వినిపించే ఈ ఫిర్యాదు చేసేవారు, ఉతికిన బట్టను ఆరకముందే పరిచారని నమ్ముతారు. అలా పరిచే చోట్లు లేకపోలేదు. కాని అలలు విరిగేచోట నురగలోని బుడగలు పగిలినప్పుడల్లా కంటికి ఆనని ఉప్పునీటి తుంపరలు గాలిలోకి లేస్తాయి; వాటిలోని నీరు ఆవిరైపోగా మిగిలిన ఉప్పు రేణువులు గాలివాటున ఒడ్డుకు చేరి కిటికీ ఊచల మీద, కర్టెన్ల మీద, పరుపుల మీద పేరుకుంటాయి. గాలిలోని తేమను లాక్కుని తానే నీరైపోవడం ఉప్పుకు సహజగుణం. ఏదైనా ఒక ఉష్ణోగ్రత వద్ద గాలి మోయగల తేమలో ఎంత శాతం అప్పటికే నిండి ఉందో చెప్పే కొలతను సాపేక్ష ఆర్ద్రత అంటారు. అది 75 శాతం దాటితే శుద్ధమైన వంట ఉప్పు నీరుకారడం మొదలవుతుంది, సముద్రపు ఉప్పులో కలిసి ఉండే మెగ్నీషియం క్లోరైడ్‌కు 33 శాతమే చాలు. అందుచేత బాగా ఉతికి, ఎండలో ఆరవేసి, ఇస్త్రీ చేసి పరిచిన దుప్పటి కూడా బాల్కనీ తలుపు తెరిచి ఉంచిన గదిలో సాయంత్రానికి చేతికి చల్లగా, కాస్త జిగటగా తగులుతుంది. సముద్రపు గాలి హాయిగా ఉందని రాసినవారూ, దుప్పటి చెమ్మగా ఉందని రాసినవారూ ఒకే తలుపు గురించి రాస్తున్నారు.

ఆ తలుపు బందును దగ్గరగా చూస్తే మరికొంత అర్థమవుతుంది. మర బిగించిన చోట, రంగు పూత అంచున, మొదట సన్నని గోధుమరంగు చార కనిపిస్తుంది. కొద్దికాలానికి రంగు పొక్కులుగా లేస్తుంది. పొక్కును గోటితో గీరితే లోపల రేకులు రేకులుగా ఊడివచ్చే తుప్పు ఉంటుంది. తుప్పు తాను తిన్న ఇనుము కంటే రెండు నుంచి ఆరు రెట్లు ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది కాబట్టి బందు బిగుసుకుపోతుంది, తలుపు కిర్రుమంటుంది. గోడలోపలి ఇనుప చువ్వకు ఇదే జరిగితే అది ఉబ్బి, పైనున్న కాంక్రీటును లోపలి నుంచి పగలగొడుతుంది. భారతీయ ప్రమాణమైన ఐ.ఎస్. 456, దాని 2000 సంవత్సరపు కూర్పులో, మామూలు వాతావరణంలో చువ్వ మీద 20 మిల్లీమీటర్ల కాంక్రీటు కప్పు సరిపోతుందని చెప్పి, తీరప్రాంతంలో దాన్ని 45 మిల్లీమీటర్లకు పెంచమన్నది ఇందుకే. ఏసీ బయటి యూనిట్లో రాగి గొట్టాలకు అమర్చిన పలుచని అల్యూమినియం రేకులు ఉప్పు తడి తగిలితే ఇంకా త్వరగా పాడవుతాయి, ఎందుకంటే రెండు వేర్వేరు లోహాలు ఉప్పునీటి తడిలో ఒకదాన్నొకటి ఆనుకుని ఉన్నప్పుడు వాటి మధ్య విద్యుత్ ప్రవాహం పుట్టి, బలహీనమైన లోహం కరిగిపోతుంది. ఊరి మధ్యలో చాలాకాలం పనిచేసే యంత్రం అలల ఎదుట అంతకాలం నిలవదు. కొత్తగా రంగు వేసిన నెలలో దిగినవారికీ, మరుసటి వానాకాలం ముగిశాక దిగినవారికీ అది రెండు వేర్వేరు హోటళ్ళుగా కనిపించడంలో వింత లేదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖ దగ్గర తీరం దాటినప్పుడు అద్దాలూ పైకప్పులూ చెట్లూ ఒక్క పూటలో పోయాయి. ఉప్పు గాలి అంతటి పని చెప్పాపెట్టకుండా ఏళ్ళ తరబడి చేస్తుంది, దాన్ని ఆపే పనిలో ప్రతి రోజూ తడిగుడ్డతో కిటికీ చట్రాలు తుడిచే మనిషి ఉంటాడు. కిటికీ అద్దం ఉప్పు మరకలు లేకుండా తేటగా ఉంటేనే అందులోంచి సముద్రం తేటగా కనిపిస్తుంది. ఆ దృశ్యాన్ని మెచ్చుకున్నవారెవరూ అద్దాన్ని ప్రస్తావించరు, ప్రస్తావించకపోవడమే ఆ పనికి దక్కిన గుర్తింపుగా మిగిలిపోవడం అన్యాయం.

భోజనం దగ్గరికి వస్తే అభిప్రాయాలు మరింత తీవ్రమవుతాయి. సముద్రం ఎదుట కూర్చున్న అతిథికి, ఎదుటి నీటిలోంచి పట్టిన చేపే తన పళ్ళెంలోకి వస్తుందన్న నమ్మకం సహజంగా కలుగుతుంది. తూర్పు తీరమంతటా ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, అంటే 61 రోజులపాటు, యంత్రాలు బిగించిన పడవల మీద వేట నిషేధం అమల్లో ఉంటుంది. తీరంలో వేట అంటే చేపలు పట్టడమే. అనేక రకాల చేపలు గుడ్లు పెట్టి సంతతిని పెంచుకునే కాలానికి రక్షణ కల్పించడం దీని ఉద్దేశం. మోటారు లేని తెప్పల మీద, చిన్న నావల మీద వేటకు వెళ్ళేవారికి మినహాయింపు ఉన్నా, వారు తెచ్చేది ఒడ్డున ఉన్న వాడల అవసరాలకే చాలీచాలని సరుకు. పిల్లల బడులకు వేసవి సెలవులిచ్చే కాలమూ దాదాపు ఇదే కావడం వల్ల హోటళ్ళు కిటకిటలాడే రోజుల్లోనే ఫిషింగ్ హార్బర్‌లో మరపడవలు లంగరు వేసి ఉంటాయి. హైదరాబాద్ నుంచో రాయపూర్ నుంచో వచ్చిన కుటుంబం మే నెలలో కోనాం వేపుడు అడుగుతుంది. చాలా చోట్ల వంజరం అని పిలిచే చేపకు విశాఖలో పేరు కోనాం. వంటగదిలో ఉన్నది పశ్చిమ తీరం నుంచి ఐసులో వచ్చినదో, శీతల గిడ్డంగిలో ఉంచినదో అయి ఉంటుంది.

నెమ్మదిగా గడ్డకట్టిన చేపలో నీరు పెద్ద పెద్ద మంచు పలుకులుగా మారి కండలోని కణాల పొరలను చీలుస్తుంది, కరిగించినప్పుడు ఆ చీలికల్లోంచి రసమంతా కారిపోతుంది, మిగిలిన ముక్క పెనం మీద పీచుగా, పొడిగా తయారవుతుంది. వంటవాడు ఎంత చేయి తిరిగినవాడైనా కారిపోయిన రసాన్ని తిరిగి తేలేడు. మసాలా దట్టించి, ఎక్కువగా వేయించి లోపాన్ని కప్పిపుచ్చే అలవాటు ఇక్కడి నుంచే వచ్చింది, అతిగా వేయించారన్న ఫిర్యాదూ ఇక్కడి నుంచే వస్తుంది. రొయ్యల సంగతి వేరు. తీర జిల్లాల చెరువుల్లో పెంచే వనామీ రొయ్య వేట నిషేధంతో సంబంధం లేకుండా దొరుకుతుంది. పండుగప్పను కూడా ఇప్పుడు చెరువుల్లో పెంచుతున్నారు. మే నెలలో రొయ్యల ఇగురు తిన్నవారు ఆ రెస్టారెంటును మెచ్చుకుని, పక్క బల్ల మీద కోనాం తిన్నవారు తిట్టుకుంటే, ఇద్దరి మాటా నమ్మదగినదే. తప్పు ఎక్కడుందంటే, ఏడాది పొడుగునా మారని మెనూ కార్డులో ఉంది. ఆ రోజు ఏ చేప దొరికిందో, ఎక్కడి నుంచి వచ్చిందో నల్లబల్ల మీద సుద్దముక్కతో రాయడానికి ఖర్చేమీ కాదు. కానాగంతలు, కవళ్ళు, సావళ్ళు, నెత్తళ్ళు వంటి, తీరంలో పుట్టి పెరిగినవారు ఇష్టంగా తినే చేపలు చాలా పెద్ద హోటళ్ళ మెనూల్లోకి రానేరావు. అతిథులు అడగరని యాజమాన్యాలు చెబుతాయి, పేరే కనిపించనిదాన్ని అతిథులు ఎలా అడుగుతారో మాత్రం ఆలోచించవు.

రుచి విషయంలో సముద్రం చేసే మేలు కూడా చెప్పుకోవాలి. ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన మనస్తత్వ శాస్త్రవేత్త చార్లెస్ స్పెన్స్, ఇంగ్లండ్ పాకశాస్త్ర నిపుణుడు హెస్టన్ బ్లూమెంతాల్‌తో కలిసి చేసిన ఒక ప్రయోగంలో, ఆలిచిప్పల మాంసం తింటున్నవారికి కొందరికి అలల చప్పుడు, కొందరికి పశువుల కొట్టం చప్పుడు వినిపించారు. అలలు విన్నవారికి అది ఎక్కువ రుచిగా అనిపించింది, ఉప్పదనం మాత్రం ఇద్దరికీ ఒకేలా తోచింది. అంటే చెవిలో పడే శబ్దం నాలుకను మోసగించలేదు, తినడంలోని ఆనందాన్ని పెంచింది. సముద్రతీరపు రెస్టారెంటులో సాధారణమైన వంట కూడా బాగున్నట్టు తోచడానికి ఇది ఒక కారణం కావచ్చు. దీన్ని అలుసుగా తీసుకుని వంటను నిర్లక్ష్యం చేసే చోట్లు ఉన్నాయి, అటువంటి చోట్ల మీద కోపం రావడం న్యాయమే.

గది నుంచి కనిపించే దృశ్యం మీద కూడా తగాదాలు తక్కువేమీ కాదు. విశాఖ తీరం ఆగ్నేయ ముఖంగా ఉంటుంది. సూర్యుడు నీటిలోంచి లేచి, సాయంత్రం తూర్పు కనుమల కొండల వెనక్కి దిగిపోతాడు. గోవా ఛాయాచిత్రాలు మనసులో పెట్టుకుని సముద్రంలో సూర్యాస్తమయం చూడాలని వచ్చినవారికి నిరాశ తప్పదు. రోడ్డు అడ్డంగా ఉందని మరికొందరు నొచ్చుకుంటారు. 1991లో కేంద్ర ప్రభుత్వం తెచ్చిన తీరప్రాంత నియంత్రణ మండలాల నోటిఫికేషన్ ప్రకారం నగర పరిధిలో, అప్పటికే ఉన్న రోడ్డుకు సముద్రం వైపున కొత్త కట్టడాలు కూడదన్నారు. గ్రామీణ తీరంలో అయితే పోటు నీరు చేరే గీత నుంచి 200 మీటర్ల వరకు కట్టడాలకు వీలు లేకుండా చేశారు, తర్వాతి సవరణల్లో కొన్ని సడలింపులు వచ్చాయి. ఇసుక తక్కువగా ఉందనే ఫిర్యాదుకు మూలం ఇంకా దూరంలో ఉంది. నైరుతి రుతుపవనాల అలలు తీరం వెంబడి ఇసుకను ఉత్తరానికి నెడతాయి. 1970లలో కట్టిన ఔటర్ హార్బర్ అడ్డుకట్టలు ఆ ప్రయాణాన్ని ఆపేయడంతో, ఉత్తరాన ఉన్న ఆర్కే బీచ్ కోతకు గురవుతూ వచ్చింది, పోర్టు వారు తవ్వితీసిన ఇసుకను అక్కడికి పంపి పూడ్చవలసి వచ్చింది. హోటల్ రిసెప్షన్‌లో నిలబడ్డ కుర్రవాడికి ఈ విషయంలో చేయగలిగింది ఏమీ లేదు, అయినా మాట పడేది అతనే. సముద్రం వైపు గది అని చెప్పి డబ్బు తీసుకుని, బాల్కనీ చివర నిలబడి మెడ తిప్పితే తప్ప నీరు కనిపించని గది ఇవ్వడం మాత్రం పూర్తిగా మనిషి చేసిన మోసం, దానికి ఏ ప్రకృతీ బాధ్యత వహించదు.

అభిప్రాయాలు రాసే సమయంలో జ్ఞాపకం చేసే పని కూడా గమనించదగినది. మనస్తత్వ శాస్త్రవేత్త డేనియల్ కానెమన్, ఆయన సహచరులు 1993లో ప్రచురించిన ప్రయోగంలో, కొందరిని 14 డిగ్రీల చల్లని నీటిలో ఒక నిమిషం చేయి ఉంచమన్నారు. మరొకసారి అదే నిమిషం తర్వాత ఇంకో 30 సెకన్లు ఉంచమని, ఆ చివరి సెకన్లలో నీటిని ఒక డిగ్రీ వెచ్చబరిచారు. రెండిట్లో ఏది మళ్ళీ చేస్తారని అడిగితే ఎక్కువమంది రెండోదాన్నే ఎంచుకున్నారు, మొత్తం బాధ ఎక్కువైనా ముగింపు తేలికైంది గనుక. రెండు రోజులు హాయిగా గడిపి, గది ఖాళీ చేసే ఉదయం బిల్లులో తెలియని పద్దు చూసి కౌంటరు దగ్గర అరగంట నిలబడ్డ అతిథి ఆ అరగంటనే రాస్తాడు. పైగా రాయాలనిపించేది బాగా మెచ్చినవారికీ బాగా నొచ్చినవారికీ మాత్రమే. నాన్ హు, పాల్ పావ్లూ, జీ జాంగ్ అనే పరిశోధకులు 2009లో చూపించింది కూడా ఇదే: తమంతట తాముగా రాసినవారి మార్కులు రెండు కొసల్లో పోగుపడగా, అదే వస్తువు గురించి అందరినీ అడిగినప్పుడు అత్యధికుల మార్కులు మధ్యలో పడ్డాయి. కాబట్టి మెప్పుకూ తిట్టుకూ సగటు తీసి ఆ అంకె చూసి గది తీసుకోవడం వల్ల పెద్ద ప్రయోజనం లేదు, ఆ సగటు దగ్గర నిజానికి ఎవరూ ఉండకపోవచ్చు. కేంద్ర పర్యాటక శాఖ ఇచ్చే నక్షత్రాల హోదా కూడా గదుల కొలతలను, సదుపాయాలను, భద్రతా ఏర్పాట్లను లెక్కించి ఇచ్చేదే. ఆ ఉదయం వంటగదిలో ఏ చేప ఉందో అది చెప్పదు.

ఇంతవరకు చెప్పిన దాంతో హోటళ్ళను వెనకేసుకు రావడం ఉద్దేశం కాదు. స్నానాలగది కంపు సముద్రానిది కాదు, కడగని మనిషిది, కడగడానికి సరిపడా మనుషులను పెట్టని యజమానిది. ముగ్గురు చేయవలసిన పని ఒకరితో చేయించి, ఆలస్యానికి ఆ ఒక్కరి జీతం కోసే యాజమాన్యాన్ని అతిథి రాసే కోపపు వాక్యం తాకనే తాకదు, అది తాకేది ఆ ఒక్కరినే. అందువల్ల ఏ నెలలో దిగారో, ఎన్నో అంతస్తులో ఏ దిక్కు గదిలో ఉన్నారో, ఏ వంటకం తిన్నారో రాసిన నాలుగు వాక్యాలు, అద్భుతమనో దారుణమనో రాసిన పేజీ కంటే తర్వాతివారికి ఎక్కువ మేలు చేస్తాయి. హోటల్ వారి బాధ్యత ఇంకా ముందే, డబ్బు తీసుకునే క్షణంలోనే మొదలవుతుంది: మే నెలకు గది అడిగినవారికి పడవలు ఒడ్డునే ఉంటాయనీ, రాత్రి కిటికీ మూసి పడుకుంటే దుప్పటి పొడిగా ఉంటుందనీ, అడిగిన గదిలోంచి సముద్రం ఎంతమేర కనిపిస్తుందనీ, మధ్యలో రోడ్డు ఉందనీ ఫోనులోనే చెప్పాలి.