విప్పక ముందే వినాలి

పాత టాటా 1210 లారీది ఆరు సిలిండర్ల డీజిల్ ఇంజన్. స్లోలో నిమిషానికి 600 చుట్లు తిరుగుతోందనుకుందాం. అంటే క్రాంకు సెకనుకు 10 చుట్లు, క్యామ్ షాఫ్టు అందులో సగం. ఒక్కో సిలిండర్ సెకనుకు 5 సార్లు మండుతుంది, ఆరూ కలిసి 30 సార్లు. ఆ ముప్ఫైలో 5 తగ్గితే బండి మొత్తం ఊగుతుంది. ‘మిస్ కొడుతోంది’ అని క్లీనర్ కుర్రాడైనా చెప్పేస్తాడు. ఏ సిలిండర్, ఎందుకు అని చెప్పగలవాడు మేస్త్రి.

విజయవాడ ఆటోనగర్ లాంటి చోట్ల పానాలు అందించే కుర్రాడిగా షెడ్డులో చేరి, మేస్త్రి దేనికి చెవి పెడుతున్నాడో గమనిస్తూ నేర్చుకునే విద్య ఇది. ఇంజన్ దింపారంటే బండి కిరాయిలు ఆగిపోతాయి, ఫైనాన్సు కిస్తీ మాత్రం ఆగదు. అందుకే మంచి మేస్త్రి విప్పే ముందు వింటాడు. అదీ చల్లగా ఉన్న ఇంజన్ని స్టార్టు చేయించి వింటాడు. అరిగిన పిస్టన్ చేసే చప్పుడు ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు గట్టిగా వినిపించి, వేడెక్కేకొద్దీ తగ్గుతుంది మరి.

ముందుగా ఖర్చు లేనివి చూస్తారు. డీజిల్ లైనులో ఎయిర్ పట్టిందేమోనని ఫిల్టర్ దగ్గరి స్క్రూ వదులు చేసి, బుడగలు ఆగేదాకా చేతిపంపు కొడతారు. ఇంజన్ కింది రబ్బరు మౌంటింగులు చచ్చిపోతే ఇంజన్ బాగానే ఉన్నా క్యాబిన్ అదురుతుంది, కాబట్టి వాటినీ చూస్తారు.

అసలు పరీక్ష ఆ తర్వాతే. ఇంజన్ నడుస్తుండగానే పంపు నుంచి నాజిల్‌కి వెళ్లే పైపు నట్టును ఒక్కో సిలిండర్ దగ్గరా కొద్దిగా వదులు చేస్తారు. బాగా పనిచేస్తున్న సిలిండర్‌కి డీజిల్ ఆగితే ఇంజన్ ఇంకా కుంగుతుంది. వదులు చేసినా తేడా లేదంటే దొంగ అక్కడే ఉన్నాడు. అలాగని వెంటనే హెడ్డు ఎత్తరు. ఆ నాజిల్‌ని పక్క సిలిండర్‌కి మార్చి మళ్లీ స్టార్టు చేస్తారు. మిస్సింగు నాజిల్ వెంట వెళ్లిందంటే లోపం నాజిల్‌ది, నాజిల్ టెస్టరు మీద పెట్టి స్ప్రే చూసుకుంటే చాలు. ఉన్నచోటే ఉందంటే అప్పుడు ట్యాపెట్ల వైపు, కంప్రెషన్ వైపు, పంపు వైపు వెళ్లాలి. ఒక్క పానాతో అయ్యే ఈ పరీక్ష వెనుక తర్కం ఏ ప్రయోగశాల తర్కానికీ తీసిపోదు: ఒకేసారి ఒక్కదాన్నే మార్చు, ఏం మారిందో చూడు.

శబ్దం దగ్గర కూడా ఈ నట్టే సాక్షి. పొడవాటి స్క్రూడ్రైవర్ మొన ఇంజన్ మీద ఆనించి, పిడి చెవి దగ్గర పెట్టుకుంటే చప్పుడు ఎక్కడి నుంచి వస్తోందో తెలుస్తుంది. పైన, క్రాంకు వేగంలో సగం వేగంతో టకటకమంటే ట్యాపెట్. కింది నుంచి బరువుగా, లోడు పడ్డప్పుడు ఎక్కువయ్యే దెబ్బ అయితే బేరింగుని అనుమానించాలి. ఏ సిలిండర్ పైపు వదిలితే ఆ దెబ్బ తగ్గుతుందో ఆ బిగ్ ఎండ్ బేరింగ్ మీద అనుమానం గట్టిపడుతుంది. ఆయిల్ ప్రెషర్ కూడా పడిపోయి ఉంటే బండిని ఇక నడపకూడదు, లాక్కెళ్లాల్సిందే.

ట్యాపెట్ల గురించి ఒక మాట గట్టిగా చెప్పాలి. చప్పుడు చేసే ట్యాపెట్‌ని అందరూ తిడతారు. నిజానికి ఎక్కువ భయపడాల్సింది గ్యాపు లేకుండా బిగిసిపోయినదానికే. అది చప్పుడు చేయదు, కానీ వాల్వు పూర్తిగా మూసుకోదు, కంప్రెషన్ కారిపోతుంది, చివరికి వాల్వు కాలిపోతుంది. ఫీలర్ గేజ్ పెట్టకుండా ‘సౌండ్ లేదు కదా’ అని ట్యాపెట్లు బిగించేవాణ్ణి ఇంజన్ దగ్గరికి రానివ్వకూడదు.

పొగ కూడా చెబుతుంది. నలుపైతే గాలి చాలక, లేదా డీజిల్ ఎక్కువై. తెలుపైతే డీజిల్ మండకుండా పోతోంది. నీలమైతే ఆయిల్ మండుతోంది. ఆయిల్ పోసే మూత తీసినప్పుడు గ్యాసు గట్టిగా తన్నుకొస్తే రింగులో లైనర్లో అరిగినట్టు. ఆ ఆయిల్ పాలు కలిపిన టీ రంగులో ఉంటే నీళ్లు కలిశాయి.

లారీల్లో ఇంకో మోసం ఉంది. బ్రేకులకు గాలి నింపే కంప్రెసర్ బేరింగు అరిగితే అచ్చం ఇంజన్ కొట్టుకున్నట్టే వినిపిస్తుంది. స్క్రూడ్రైవర్ దాని మీదా ఆనించి చూడకుండా ఇంజన్ దింపడం యజమానికి చేసే అన్యాయం.

2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్-6 కామన్ రైలు బండ్ల మీద ఈ నట్టు వదిలే పని చేయకూడదు. పాత నాజిల్ సుమారు 200 బార్ దగ్గర తెరుచుకునేది, కొత్తవాటి పైపుల్లో ఒత్తిడి 1,600 బార్ కూడా దాటుతుంది. ఆ ధార చర్మాన్ని చీల్చుకుని లోపలికి దిగుతుంది. ఇప్పుడు స్కానరు తగిలించి, స్క్రీను మీద ఒక్కో ఇంజెక్టర్‌నీ ఆపి ఇంజన్ ఎంత కుంగిందో చూస్తారు. పరీక్ష మాత్రం పాతదే. 1210 దగ్గర దాన్ని చెవితో నేర్చుకున్న కుర్రాడు స్క్రీను మీది అంకెను నమ్మాలో, నాజిల్ మార్చి చూడాలో తేల్చుకోగలడు. ఇంకా రోడ్డెక్కుతున్న పాత బండ్లను ముసలి మేస్త్రుల దగ్గరే ఉంచేయకుండా, నేర్చుకునేవాళ్ల చేతికీ ఇవ్వమని షెడ్డు యజమానులను అడుగుతున్నాను.