ఎవరికీ చెప్పొద్దన్న మాట

ఆదివారం పొద్దున మా కాలనీ గ్రంథాలయంలో ఓ మూల బల్ల దగ్గర కూర్చుంటాను. అరవై దాటినవాళ్లు ఫోన్లు పట్టుకొస్తారు. ఫోటోలు ఎక్కడికి పోయాయి, అక్షరాలు పెద్దవి ఎలా చేసుకోవాలి, ఈ మెసేజ్ నిజమేనా... మూడేళ్లుగా ఇదే పని. దీనికి కారణం మా పిన్ని.

ఓ గురువారం సాయంత్రం ఆవిడకు వాట్సాప్‌లో శుభలేఖ వచ్చింది. పంపింది దూరపు చుట్టం, నంబరు ఆయనదే. ఫైలు పేరు చివర ఏపీకే అని ఉంది. శుభలేఖ ఫోటోగా వస్తుంది, పీడీఎఫ్‌గా వస్తుంది గానీ ఏపీకేగా రాదు. ఏపీకే అంటే బొమ్మ కాదు, ఫోన్‌లోకి ఎక్కి కూర్చునే యాప్. పిన్ని నొక్కింది. ఏదో అనుమతి అడిగితే ఇచ్చింది. అది ఎస్సెమ్మెస్‌లు చదివే అనుమతి. ఇక ఆమెకు వచ్చిన ప్రతి ఓటీపీ ఎక్కడో ఉన్నవాడికీ చేరింది. ఆ చుట్టం ఫోన్ కూడా అంతకుముందు ఇలాగే వాళ్ల చేతికి చిక్కిందట. తెలిసిన పేరు కనబడ్డాక అనుమానం ఎవరికి వస్తుంది? రాత్రికి మూడు విడతల్లో 84 వేలు పోయాయి.

ఓటీపీ ఎవరికీ చెప్పొద్దని బ్యాంకు అంటుంది కదా, పిన్ని చెప్పలేదు. డబ్బు పోయిన సంగతి కూడా మూడు రోజులపాటు ఎవరికీ చెప్పలేదు. మా కొంప ముంచింది ఈ రెండోదే.

ఎందుకు చెప్పలేదని అడిగితే, "అరుస్తావేమోనని భయమేసిందే" అంది. అంతకు నెల ముందు ఏదో యాప్ దగ్గర "ఎన్నిసార్లు చెప్పాలి పిన్నీ నీకు" అని కసిరానట. నేను మరిచిపోయాను. ఆవిడ మరిచిపోలేదు.

పోయిన డబ్బు ఒకచోట నిలవదు. కమీషన్ ఆశకు ఎవరో అద్దెకిచ్చిన ఖాతాలో ముందు పడుతుంది. పోలీసులు వీటిని మ్యూల్ ఖాతాలంటారు. అక్కణ్ణుంచి ముక్కలై ఇంకో నాలుగింటికి, వాటినుంచి ఇంకెన్నింటికో పాకుతుంది. చివరికి ఏ ఏటీఎంలోనో నోట్లయిపోతుంది. సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేస్తే ఫిర్యాదు సంబంధిత బ్యాంకులకు వెళుతుంది, డబ్బు అప్పటికి ఏ ఖాతాలో ఉంటే అక్కడ ఆపుతారు. నోట్లయ్యాక ఆపడానికి ఏముంటుంది? మేం ఆదివారం ఫోన్ చేశాం. అప్పటికి ఆ ఖాతాలన్నీ ఖాళీ. 2017 జూలైలో రిజర్వ్ బ్యాంకు ఇచ్చిన ఆదేశంలోనూ త్వరగా చెప్పడానికి విలువ ఉంది. ఖాతాదారు పొరపాటు వల్లే డబ్బు పోయినా, బ్యాంకుకు తెలిపిన తర్వాత పోయినదానికి బ్యాంకుదే బాధ్యత.

వెంటనే ఎవరికైనా చెబితే తమ ఆట కట్టని నేరగాళ్లకు మనకంటే బాగా తెలుసు. డిజిటల్ అరెస్ట్ అని బెదిరించేవాళ్లను చూడండి. మీ పేరుతో వచ్చిన పార్శిల్‌లో డ్రగ్స్ దొరికాయంటారు, వీడియో కాల్‌లో ఖాకీ చొక్కా చూపిస్తారు. డబ్బు మాట తర్వాత. మొదట అడిగేది గది తలుపు వేసుకోమని, ఇంట్లో ఎవరికీ చెప్పొద్దని. పక్క గదిలోని కోడలు ఒక్కసారి తొంగిచూస్తే ఆ నాటకం అక్కడితో సరి. మన చట్టంలో అలాంటి అరెస్టే లేదు. 2024 అక్టోబరులో ప్రధాని మన్ కీ బాత్‌లో ఈ మాటే చెప్పారు. అయినా 2025లో హర్యానాలోని అంబాలాలో ఓ వృద్ధ దంపతులను సుప్రీంకోర్టు పేరిట దొంగ ఉత్తర్వులు చూపించి దోచుకున్నారు. ఆ పెద్దావిడ నోరు మూసుకుని కూర్చోలేదు. నేరుగా ప్రధాన న్యాయమూర్తికే ఉత్తరం రాసింది. కోర్టు దాన్ని తనంతట తానే కేసుగా చేపట్టి, డిసెంబరులో దర్యాప్తును సీబీఐకి అప్పగించింది. ఆ ఉత్తరం రాసిన చేతికి దండం పెట్టాలనిపించింది నాకు.

బల్ల దగ్గరికి ఎవరైనా వణుకుతూ వస్తే "ఎందుకు నొక్కారు" అని అడగను. "ఎప్పుడు జరిగింది" అని అడుగుతాను. నెట్ ఆపేస్తాను. డబ్బు కట్ అయిన మెసేజ్‌లో ఆ లావాదేవీ గుర్తింపు సంఖ్య, అంటే యూటీఆర్ నంబరు వెతికి కాగితం మీద రాస్తాను, ఇంకో ఫోన్‌లోంచి 1930కి కలుపుతాను. మాట్లాడేది మాత్రం వాళ్లే. మొదట గొంతు పూడుకుపోతుంది. మొత్తం ఎంత, ఏ బ్యాంకు, ఎన్ని గంటలకు అని అవతలివాళ్లు అడుగుతుంటే కాస్త కాస్తగా స్వరం నిలబడుతుంది. నేను పక్కనే కూర్చుంటాను. కొందరికి డబ్బు ఆగింది. కొందరికి ఆగలేదు.

పిన్ని ఇప్పుడు రోజుకు రెండుసార్లు ఫోన్ చేస్తుంది. మొన్న రాత్రి పదింటప్పుడు చేసింది. "ఏదో మెసేజ్ వచ్చిందే, నొక్కలేదు, నువ్వోసారి చూడు." స్క్రీన్‌షాట్ పంపమన్నాను. గ్యాస్ సిలిండర్ బుక్ అయిందన్న మామూలు మెసేజ్ అది. మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా చదివి చెప్పాను.