రోజుకు రెండు డాలర్ల మంచు

హెమింగ్వే మరణించిన మూడేళ్ళకు, 1964లో, ఆయన పారిస్ జ్ఞాపకాలు ‘ఎ మూవబుల్ ఫీస్ట్’ అనే పేరుతో పుస్తకంగా వచ్చినవి. ఆ పుస్తకంలోని చివరి అధ్యాయంలో ఎక్కువ భాగం పారిస్‌ను గురించినది కాదు. ఆస్ట్రియా దేశపు పడమటి కొసన, స్విట్జర్లాండ్ సరిహద్దుకు దాపున, మోంటాఫోన్ అనే లోయలో ష్రున్స్ అనే చిన్న వూరు వుంది. హెమింగ్వే, ఆయన మొదటి భార్య హాడ్లీ, 1923 అక్టోబరులో పుట్టిన వారి కొడుకు, ముగ్గురూ 1924-25లోనూ 1925-26లోనూ చలికాలాన్ని అక్కడ గడిపారు. స్వదేశం విడిచి పారిస్‌లో కాపురం పెట్టిన అమెరికన్ కుటుంబం అది. పారిస్ చలివానలు పసివాడికి పడవనీ, పొడిమంచు కురిసే కొండవూరు ఆరోగ్యమనీ అక్కడికి పోయారు. పగలు స్కీ ఆట, అంటే పొడుగాటి సన్నని చెక్కలు కాళ్ళకు బిగించుకొని మంచుమీద జారడం. సాయంత్రం పెద్ద పింగాణీ పొయ్యి వెచ్చదనంలో కడుపునిండా భోజనం, చెర్రీపళ్ళ సారా, పేకాట. రాత్రి ఈకల బొంతల కింద ఒళ్ళెరగని నిద్ర. ఇదీ ఆ అధ్యాయం.

ఈ పుటలు నాకూ ఇష్టమే. అభ్యుదయ విమర్శకుడు అందమైన మంచును చూచినా మొహం చిట్లించుకుంటాడని కొందరికొక అపోహ వుంది కనుక, ఇష్టమెందుకో ముందే చెబుతాను. అప్పటికి ఆ కొండల్లో స్కీ ఆడేవాళ్ళను కుర్చీల్లో కూర్చోబెట్టి పైకి లాగే తీగయంత్రాలు లేవు. ఎంత వాలు జారాలనుకుంటే అంత వాలూ ముందు కాలినడకన ఎక్కవలసిందే. స్కీలు వెనక్కు జారకుండా వాటి అడుగున సీల్ జంతువు చర్మపు పట్టీలు కట్టుకొని, మూట వీపున వేసుకొని, గంటల తరబడి ఎక్కాలి. అలా ఎక్కినవాడికే దిగడానికి కాళ్ళలో సత్తువ వస్తుందని రచయిత అంటాడు. యంత్రం ఎక్కించిన వాడి కాళ్ళు దిగేటప్పుడు విరుగుతాయని ఆయన నమ్మకం. చెమటకూ ఆనందానికీ మధ్య తెగిపోయిన బంధాన్ని కనీసం ఒక ఆటలోనైనా తిరిగి ముడివేసిన వచనం ఇది. కొనుక్కొన్న వినోదంమీద ఇంతకంటె చక్కని విమర్శ సిద్ధాంత గ్రంథాలలో కూడా అరుదు. ఈ మెప్పును నేను తర్వాత వెనక్కు తీసుకోబోవడం లేదు.

అయితే అదే అధ్యాయంలో ఒక లెక్క వుంది. హోటల్ తౌబెలో ముగ్గురికీ గదీ భోజనమూ కలిపి రోజుకు సుమారు రెండు డాలర్లు అయ్యేదట. ద్రవ్యోల్బణంవల్ల ఆస్ట్రియన్ షిల్లింగు విలువ పడిపోతూండగా, తమ ఖర్చు నానాటికీ తగ్గుతూ వచ్చిందట. జర్మనీలో వచ్చినంత ఘోరమైన దరిద్రం మాత్రం అక్కడ లేదట. ఎంతో నిబ్బరంగా, వాతావరణం గురించి చెప్పినట్లుగా చెప్పాడు. పాఠకుడు కూడా అంతే నిబ్బరంగా చదివి పుట తిప్పేస్తాడు. నేను ఆగమంటున్నది అక్కడే.

మొదటిది, ఆ లెక్క చారిత్రకంగా తప్పు. మొదటి చలికాలంలో ఆ కుటుంబం ష్రున్స్‌లో దిగేనాటికి షిల్లింగు చలామణిలోనే లేదు. 1924 డిసెంబరులో చట్టం చేసి, 1925 మార్చి 1 నుంచి, పాత నాణెం క్రోనులు పదివేలకు ఒక షిల్లింగు చొప్పున మార్చారు. డాలరుకు ఇంచుమించు ఏడు షిల్లింగులు. ఆ తర్వాత షిల్లింగు పడిపోలేదు. పడిపోకపోవడమే దాని ప్రసిద్ధి. దానికి ‘ఆల్ప్స్ డాలరు’ అని పేరు కూడా వచ్చింది. క్రోను కుప్పకూలింది అంతకు ముందు, 1921, 22 సంవత్సరాలలో. ఆ పతనాన్ని ఆపింది 1922 అక్టోబరు జెనీవా ఒప్పందాలు. నానాజాతి సమితి పూచీతో 65 కోట్ల బంగారు క్రోనుల అప్పు ఇప్పించారు. అప్పుతోపాటు షరతులూ వచ్చాయి. లక్షమంది ప్రభుత్వోద్యోగులను తీసెయ్యాలన్నారు. దేశం ఖజానామీద విదేశీ పెత్తందారును కూర్చోబెట్టారు. రాటర్‌డామ్ నగరానికి మేయరుగా పనిచేసిన జిమ్మర్‌మన్ అనే డచ్చివాడు ఆ పదవిలో 1926 వరకూ వున్నాడు. అంటే హెమింగ్వే కుటుంబం మంచులో ఆడుకొన్న రెండు చలికాలాలూ ఆయన ఏలుబడిలోనివే. నాణెం నిలబడింది, నిలబెట్టడానికి ఉద్యోగాలు పోయినవాళ్ళు కూలబడ్డారు. డాలరు చేతిలో వున్నవాడికి ఆ దేశం చవకగా కనిపించడంలో వింతేమున్నది?

ముప్పయ్యేళ్ళ తర్వాత రాసుకొన్న జ్ఞాపకంలో ఒక ఆర్థిక వివరం తప్పిపోవడం నేరం కాదు. కాని తప్పు ఏ వైపుకు జరిగిందో చూడాలి. దేశాన్ని అప్పులవాళ్ళు పట్టి బిగించిన కథ పోయి, నాణెం తనంతట తాను దిగిపోయి అతిథికి మేలు చేసిన కథ మిగిలింది.

పుస్తకమంతటా హెమింగ్వే తన కుటుంబాన్ని బీద కుటుంబంగానే చెబుతాడు. పారిస్‌లో రైటే, ఒక మేరకు. విలేఖరి ఉద్యోగం వదిలి కథలు రాసుకొంటున్న రోజులు. కాని హాడ్లీకి వారసత్వంగా వచ్చిన ఆస్తిమీద ఏడాదికి సుమారు 3,000 డాలర్ల రాబడి వుండేది. పారిస్‌లో సామాన్యమైన ఆ రాబడి ష్రున్స్ రైల్వేస్టేషన్‌లో దిగగానే ఐశ్వర్యమైపోయింది. అక్కడ వాళ్ళు పనివాళ్ళను పెట్టుకోగలవాళ్ళు. పసివాణ్ణి చూసుకోవడానికీ, చిన్న స్లెడ్జిబండిమీద ఎండలో తిప్పడానికీ నల్లజుట్టు గల ఒక అందమైన అమ్మాయి వుండేదని చెప్పి, ఒక్క వాక్యంతో ఆమెను సాగనంపుతాడు. ఆ వెంటనే తామిద్దరూ కొత్త కొండలు చూడడానికి పోయారు. ఆమె చేతిలో బిడ్డ వుండబట్టే పోగలిగారన్నది ఆయన వాక్యంలో వుంది, దృష్టిలో లేదు.

ఆ లోయ పిల్లల చరిత్ర కూడా కొంచెం తెలుసుకోవాలి. మోంటాఫోన్ వంటి ఆల్ప్స్ లోయల్లో పేద కుటుంబాలవాళ్ళు ఆరేడేళ్ళు నిండిన పిల్లల్ని వసంతం మొదట్లో కనుమలు దాటించి జర్మనీలోని స్వాబియాకు పంపేవారు. అక్కడ సంతలో రైతులు వాళ్ళను చూచి, బేరమాడి, పశువులు కాయడానికి తీసుకుపోయేవారు. శీతకాలం ముందు కొంచెం డబ్బూ ఒక జత బట్టలూ పట్టుకొని ఇంటికి వచ్చేవారు. ‘స్వాబియా పిల్లలు’ అనే పేరే ఏర్పడింది. విదేశీ పిల్లలైనా సరే బడికి పోవాలని 1921లో ఆ జర్మన్ రాష్ట్రంలో నియమం వచ్చాక గాని ఈ వ్యవహారం అణగలేదు. స్లెడ్జిబండిలో ఆ అమెరికన్ పసివాడు తిరిగింది మరి మూడేళ్ళకే.

ఇంకొక సంగతి. పైకొండల్లో దంపతులు రాత్రులు గడిపిన మాడ్లెనర్ హౌస్ అనే బస జర్మన్-ఆస్ట్రియన్ ఆల్పైన్ సంఘానిది. 1924 డిసెంబరులోనే ఆ సంఘం యూదులు సభ్యులుగా వున్న తన వియన్నా శాఖ ‘డోనౌలాండ్’ను వెళ్ళగొట్టింది. కొండమీది స్వచ్ఛమైన గాలి కూడా అందరిదీ కాకుండా పోయిన నెల అది. (1925-26 చలికాలంలో ష్రున్స్‌లో కూర్చునే ఆయన ‘ది సన్ ఆల్సో రైజెస్’ నవలను తిరగరాశాడు. అందులో రాబర్ట్ కోన్ అనే యూదుపాత్రపట్ల చూపిన తిరస్కారం ఆ నవల చదివినవారికి గుర్తుండే వుంటుంది.)

ఇక్కడ ఒక ఆక్షేపణ వస్తుంది. జ్ఞాపకాలు రాసుకొనేవాణ్ణి పట్టుకొని ఆర్థికచరిత్ర రాయమంటారా, అని. అననే అనను. అలా అడిగే విమర్శకులు మనలోనూ వున్నారు, వారివల్ల మనకు మేలు జరగలేదు. హెమింగ్వేను ఆయన సూత్రంతోనే కొలుద్దాం. 1932లో వచ్చిన ‘డెత్ ఇన్ ది ఆఫ్టర్నూన్’లో ఆయన చెప్పిన సూత్రం మన కథకులకు సుపరిచితం: సముద్రంలో తేలే మంచుకొండలో ఎనిమిదోవంతే పైకి కనిపిస్తుంది; రచయిత తనకు బాగా తెలిసినదాన్ని చెప్పకుండా వదిలేసినా పాఠకుడికి అది తగులుతుంది; తెలియక వదిలేస్తే మాత్రం కథలో బోలు మిగులుతుంది. మంచి సూత్రం. మన దగ్గర దీన్ని పొదుపుగా రాయడానికి చిట్కాగా మార్చేశారు గాని, నిజానికి ఇది రచయిత తెలివిడికి పెట్టిన పరీక్ష. ష్రున్స్ అధ్యాయంలో ఆ లోయ మనుషులు నీటికింద వున్నారా, అసలే లేరా?

ఈ ప్రశ్నకు జవాబు మనం వూహించనక్కర లేదు. అదే మంచుమీద అదే రచయిత పడుచువాడుగా రాసిన కథలు రెండు వున్నాయి.

ఒకటి ‘క్రాస్-కంట్రీ స్నో’. ష్రున్స్‌కు పోకముందు, 1924లో రాసినది. 1925లో వచ్చిన కథాసంపుటిలో వుంది. స్విట్జర్లాండ్‌లో ఇద్దరు అమెరికన్ యువకులు, నిక్, జార్జి, కొండవాలున జారివచ్చి ఒక సత్రంలో ద్రాక్షసారా తెప్పించుకొంటారు. వడ్డించే పిల్ల ముభావంగా వుంటుంది. కాసేపయ్యాక గాని ఆమె గర్భవతి అన్న సంగతి నిక్ గమనించడు. మొదట్లోనే ఎందుకు చూడలేకపోయానని తనలో తాను అనుకొంటాడు. ఆమెకు పెళ్ళి కాలేదని మాటల్లో వస్తుంది. తర్వాత, నిక్ భార్యకూ నెల తప్పిందనీ, అమెరికాకు తిరిగి పోవలసి వస్తుందనీ తెలుస్తుంది. అంతే కథ. కాని ఆ ‘ఎందుకు చూడలేకపోయాను’ అన్నచోట కథకు ప్రాణం వుంది. సెలవుమీద వచ్చినవాడి కన్నుకు సేవచేసే మనిషి కనబడదు. కనబడిన క్షణాన తన బ్రతుకు కూడా కనబడుతుంది. పోవలసిన అమెరికా ఒకరికి బెంగ, పోవడానికి చోటే లేకపోవడం మరొకరికి బెంగ. రెండో బెంగ నీటికింద వుంది, తప్పకుండా వుంది.

రెండోది ‘యాన్ ఆల్పైన్ ఐడిల్’, 1927లో అచ్చయింది. ష్రున్స్ అనుభవంలోంచి పుట్టిన కథ. మే నెల. మంచుతో విసిగిపోయిన ఇద్దరు స్కీ ఆటగాళ్ళు కొండలు దిగి గాల్ట్యూర్ అనే వూరికి వస్తారు. శ్మశానంలో ఎవరినో పూడుస్తున్నారు. సత్రం యజమానీ, చర్చి కాటికాపరీ కలిసి సంగతి చెబుతారు. ఓల్జ్ అనే రైతు భార్య డిసెంబరులోనే చనిపోయింది. దారులన్నీ మంచుతో మూసుకుపోయి శవాన్ని వూళ్ళోకి తేలేకపోయాడు. కట్టెల కొట్టంలో పెట్టాడు. శవం గడ్డకట్టింది. కట్టెలు తెచ్చుకోవాలంటే అడ్డం వుందని గోడకు నిలబెట్టాడు. రాత్రిపూట కట్టెలు కొట్టేటప్పుడు ఆమె నోటికి లాంతరు తగిలించేవాడు. భార్యమీద నీకు ప్రేమ వుండేదా అని పాదిరీ అడిగితే, వుండేదనే చెప్పాడు. ఈ రైతులు పశువులు, అంటాడు సత్రం యజమాని. అంతా విన్న ఆటగాళ్ళు, ఇక భోంచేద్దామా, అనుకొంటారు.

ఆటగాళ్ళకు ఎక్కువైపోయి వెగటు పుట్టించిన మంచే ఆ రైతు భార్యను అయిదు నెలలు మట్టిలో కలవనీయలేదు. రచయిత ఈ పోలిక ఎక్కడా నోరువిప్పి చెప్పడు. రైతును పశువన్న సత్రం యజమానిని ఖండించడు. కథ విని అన్నానికి లేచినవాళ్ళను కూడా నిందించడు; వాళ్ళలో ఒకడు కథ చెప్పేవాడే. కాని ఆ చివరి భోజనం మన గొంతు దిగదు. దారిద్ర్యం మనిషి ప్రేమను చంపదనీ, ప్రేమ వ్యక్తమయ్యే తీరును మాత్రం మొరటు చేస్తుందనీ మనకు తగులుతుంది. అభ్యుదయ సాహిత్యం నుంచి ఇంతకుమించి మనం కోరేదేమిటి? రచయిత జెండా ఏ రంగుదని అడిగే పని కూడా లేదు.

ఆ కళ్ళే వృద్ధాప్యంలో ష్రున్స్ లోయను తలచుకొన్నప్పుడు మెరిసే మంచును చూచాయి, నోరూరించే వంటలను చూచాయి, పలకరించే రైతులను చూచాయి. ఓల్జ్‌ను చూడలేదు. మంచు చరియలు విరిగిపడిన ఏడు, స్కీ పాఠశాల ఉపాధ్యాయుడు లెంట్ వద్దన్నా వినని జర్మన్ బృందం చరియల కింద పడి కొందరు చనిపోయిన వైనాన్ని మాత్రం గొప్పగా రాశాడు. శిష్యులు రాక ఆ ఉపాధ్యాయుడి పాఠశాల దెబ్బతిన్నదని కూడా చెప్పాడు. కాని దాని ఫలితంగా దంపతులు ఇద్దరే శిష్యులుగా మిగిలి విద్య బాగా నేర్చారు. ఇక్కడ కూడా నష్టం ఒకరికీ లాభం మరొకరికీ వచ్చింది, రచయిత కలం లాభంవైపే నడిచింది.

మన తెలుగు పాఠకులకు దీనితో ఏం పని అంటారేమో. ఇవాళ అమెరికాలో స్థిరపడిన మన కుటుంబాలూ పిల్లలతో మంచు చూడడానికి కొండలకు పోతున్నవి. ఆ అనుభవాలు కథలుగా, వ్యాసాలుగా తెలుగులో వస్తున్నవి. మంచును మొదటిసారి ముట్టుకొన్న సంబరం నిజమైనదే, రాయదగినదే. గది తుడిచిన మనిషి, వంటింట్లో గిన్నెలు కడిగిన మనిషి ఏ దేశం నుంచి ఎందుకు వచ్చారన్నది వాటిలో నాకు ఎక్కువగా కనబడదు. మన కథకులు హెమింగ్వే దగ్గర నేర్చుకోదలిస్తే ఏ హెమింగ్వే దగ్గర అన్నది అందుకే తేల్చుకోవాలి.

అధ్యాయం ముగింపు ఆయనే ఎంచుకొన్న తీర్పు. 1926 మార్చిలో ధనికులు ఆ లోయకు వచ్చారు. వాళ్ళకు దారిచూపే ‘పైలట్ చేప’ ఒకడు ముందు వచ్చాడు. పేర్లు రాయకపోయినా, ధనికులు మర్ఫీ దంపతులనీ, ఆ చేప నవలాకారుడు డాస్ పాసోస్ అనీ సాహిత్యలోకానికి తెలుసు. వాళ్ళు అడుగుపెట్టినచోట పచ్చగడ్డి మొలవదన్నట్లుగా రాశాడు. మరొక ధనిక యువతి, పౌలీన్ ఫైఫర్, రావడంతో ఆ కాపురం విచ్ఛిన్నమైంది. అమాయకమైన బీద కుటుంబాన్ని ధనం వచ్చి చెరిచిందన్నది కథనం. ధనికవర్గంమీద కోపం గనుక మనవాళ్ళు కొందరు ఈ పుటలకు చప్పట్లు కొడతారు. కొట్టేముందు ఒక్కటి అడగాలి. ధనం ఆ లోయకు 1926 మార్చిలోనే వచ్చిందా? 1924 డిసెంబరులో, భార్యాబిడ్డలతో, స్కీలు పట్టుకొని దిగలేదా? ధనికులకూ బీదలకూ మధ్య గీతను ఆయన సరిగ్గా తన గుమ్మం దాటాక గీశాడు.

2009లో ఆయన మనుమడు షాన్ హెమింగ్వే రాతప్రతులు చూచి పుస్తకాన్ని తిరిగి కూర్చాడు. ష్రున్స్ చలికాలాలు విడి అధ్యాయమైనవి. ధనికుల ప్రసంగం అక్కడ తీసి, అనుబంధ భాగంలో పెట్టారు. కాపురం కూలడంలో తన బాధ్యతను రచయిత ఒప్పుకొన్న మాటలు, 1964 ప్రతిలో నాలుగో భార్య మేరీ సంపాదకత్వంలో పోయినవి, తిరిగి చేరినవి. నింద ధనికులమీద నుంచి కొంత తనమీదికి తెచ్చుకొన్నాడన్నమాట. మెచ్చుకోవలసిందే. ఆ పశ్చాత్తాపం హాడ్లీ దాకా వచ్చి ఆగింది. స్లెడ్జిబండి లాగిన అమ్మాయి ఆ ప్రతిలోనూ ఒక్క వాక్యమే.