కోణాక్షరములు – తెలుగు లిపి స్వభావము

తెలుగక్షరము గుండ్రనిదనుట లోకప్రసిద్ధము. ఈ కాలపు శీర్షికలందును, ప్రకటన ఫలకములందును కొన్ని అక్షరరూపములు ఆ వంపులను విడిచి, సరళరేఖలను, కోణములను ఆశ్రయించి, యంత్రయుగమును, రాబోవు కాలమును స్ఫురింపజేయుచున్నవి. ఇది లిపికి అపచారమని కొందఱును, అభ్యుదయమని కొందఱును తలంతురు. ఈ రెండు వాదములును అసమగ్రములని మా అభిప్రాయము.

కోణము తెలుగునేలకు క్రొత్త కాదు. కర్నూలు జిల్లా ఎఱ్ఱగుడిలోని అశోకుని శాసనముల బ్రాహ్మీలిపిలో కకారము రెండు గీతల కూడలి; గకారము కేవలమొక కోణము. కడప జిల్లా కలమళ్ళలో లభించిన, క్రీ. శ. 575 ప్రాంతము నాటి ధనంజయుని తెలుగు శాసనమునాటికి లిపి చాలవఱకు వంపు తిరిగినది. గంటముతో గీచిన సరళరేఖకు తాటియాకు చీలుననుట పలువురు చెప్పు హేతువు. త్వరగా వ్రాయు చేతికి వంపు సుకరమగుటయు మఱియొకటి. కావున గుండ్రదనము సాధనమువలనను, అభ్యాసమువలనను అబ్బిన గుణమేగాని లిపికి ప్రాణము కాదు.

మఱి ప్రాణమేది? ఒక వర్ణమును వేఱొకదానినుండి విడదీయు భేదకచిహ్నమే. ద, ధలకు భేదము అడుగునున్న చిన్నగీత; ధ, థలకు నడిమి చుక్క; మ, వులకు కుడిప్రక్క కొమ్ము తిరుగు తీరు. ఈ చిహ్నములు నిలిచినంతవఱకు రేఖ వంగినను, విఱిగినను అక్షరము చెడదు.

ఈ విషయమున పాశ్చాత్యుల అనుభవము గమనింపదగినది. విమ్ క్రౌవెల్ అను డచ్చి రూపశిల్పి 1967లో ప్రకటించిన 'న్యూ ఆల్ఫబెట్' దాదాపు నిలువు, అడ్డు గీతలతోనే ఏర్పడినది. ఆనాటి కేథోడ్ కిరణపు తెరల శక్తికి లోబడి అక్షరమును కూర్చుట ఆయన ఉద్దేశము. నియమము చక్కగా నెఱవేఱినదిగాని, పెక్కక్షరములు ఆనవాలు పట్టరానివయ్యెను. 1988లో జాయ్ డివిజన్ అను ఆంగ్ల గాయకబృందపు 'సబ్‌స్టెన్స్' సంకలనపు అట్టపై వాడినపుడు, చదువుటకు వీలుగా దానిని సవరించుకొనవలసివచ్చెను.

తెలుగున ఈ చిక్కు ఇంకను హెచ్చు. పురుషోత్ కుమార్ గుత్తుల రూపొందించిన 'చతుర' వంటి శీర్షికాక్షర కుటుంబము 5 దళసరులలో లభించుచున్నది. ఏ అక్షరమునందైనను గీత దళసరియైనకొలది లోపలి తెఱపి తగ్గును; చుక్కకును, చిన్నగీతకును చోటు కఱవగును. కోణనియమము దీనికి తోడైనచో కొమ్ముల భేదమును మాసిపోవును.

నంద్యాల చుట్టునున్న నవనందులనే ఉదాహరణముగా గ్రహింతము. చుక్క మాసినచో 'ప్రథమనంది' 'ప్రధమనంది' యగును. కొమ్ము చెడినచో 'సోమనంది' 'సోవునంది' యగును. 'మహానంది' 'వుహానంది'గా కనబడును. పేరెఱిగినవారు ఊహించి చదువుకొందురు. కూడబలుకుకొని చదువు యాత్రికునికి ఆ సౌకర్యము లేదు. మహానంది కోనేట అడుగున పడిన నాణెము కానవచ్చును; దారిచూపు ఫలకమునకు అట్టి నైర్మల్యమే కావలయును.

కావున చలనచిత్రముల పేర్లకును, యంత్రప్రదర్శనల ప్రకటనలకును, గ్రంథముల ముఖపత్రములకును కోణాక్షరములు తగినవే. అచట చూపును నిలుపుటయే ప్రయోజనము. మార్గసూచికలకును, పాఠ్యగ్రంథములకును తగవు. రూపశిల్పి మొదట భేదకచిహ్నములను స్థిరపఱచుకొని, పిమ్మట కోణములను కూర్చుకొనవలయును. ఏ వర్ణము ఎంత మార్పునకు ఓర్చునో పరీక్షించి నిర్ణయించు పని మన పరిశోధక విద్యార్థులు చేపట్టదగియున్నది.